సీరంలో ప్రొప్రనలోల్ జాడ: నానోట్యూబ్ ఎలక్ట్రోడ్ ప్రాజెక్టు డైరీ

జూన్, మొదటి వారం

గుండె మందు వాడుతున్న మనిషి రక్తంలో ఆ మందు ఎంత ఉందో, నమూనాను పెద్ద యంత్రం ఉన్న ప్రయోగశాలకు పంపకుండా, వేలెడంత ఎలక్ట్రోడ్ మీద కొద్ది నిమిషాల్లో కొలవాలన్నది ఈ ప్రాజెక్టు లక్ష్యం. గుండె మందులు చాలా ఉన్నాయి, వాటన్నింటినీ ఒకే ఎలక్ట్రోడ్ పట్టుకోలేదు. అందుచేత ఈ వారమంతా మొదట ఏ మందును ఎంచుకోవాలన్న చర్చతోనే గడిచింది.

అందరికీ ముందుగా తట్టిన పేరు డిజాక్సిన్. రక్తంలో దాని స్థాయిని కొలవవలసిన అవసరం నిజంగా ఉంది. గుండె వైఫల్యంలో మిల్లీలీటరుకు 0.5 నుంచి 0.9 నానోగ్రాముల మధ్య ఉంచాలని చూస్తారు, 2 నానోగ్రాములు దాటితే విషలక్షణాలు కనిపించే అవకాశం పెరుగుతుంది. అయితే దాని అణుభారం దాదాపు 781 కాబట్టి, మిల్లీలీటరుకు ఒక నానోగ్రాము అంటే 1.28 నానోమోలార్ (లీటరుకు నానోమోళ్ళు) మాత్రమే. పైగా ఒక స్టెరాయిడ్ చట్రం, ఒక లాక్టోన్ వలయం, మూడు చక్కెర భాగాలు ఉన్న ఆ అణువులో కార్బన్ ఎలక్ట్రోడ్ మీద తేలిగ్గా ఎలక్ట్రాన్లు వదిలే భాగమేదీ లేదు. దాన్ని పట్టాలంటే ప్రతిరక్షకాన్నో, ఎంచుకున్న అణువును పట్టుకునే చిన్న డీఎన్ఏ లేదా ఆర్ఎన్ఏ పోగైన ఆప్టమర్‌నో ఎలక్ట్రోడ్‌కు అతికించాలి, అది వేరే స్థాయి పని. రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్ విషయంలో వైద్యులు చూసేది రక్తం గడ్డకట్టే వేగాన్ని తెలిపే ఐఎన్ఆర్‌ను, రక్తంలో మందు స్థాయిని కాదు. కాబట్టి దాన్నీ పక్కన పెట్టాము.

చివరకు ప్రొప్రనలోల్ దగ్గర ఆగాము. 1960లలో జేమ్స్ బ్లాక్ బృందం రూపొందించిన ఈ బీటా బ్లాకర్ (గుండె మీద అడ్రినలిన్ ప్రభావాన్ని అడ్డుకునే మందు) అణువులో నాఫ్తలీన్ వలయం ఉంది. తగినంత ధన పొటెన్షియల్ ఇస్తే అది ఆక్సీకరణం చెంది సూటిగా కరెంటు ఇస్తుంది, మధ్యలో ఎంజైమూ ప్రతిరక్షకమూ అక్కర లేదు. చికిత్సలో దీని రక్తస్థాయిని మామూలుగా కొలవరు, నాడి వేగాన్నీ రక్తపోటునూ చూసి మోతాదు సర్దుతారు. మోతాదు మించినప్పుడు మాత్రం ఇది ప్రమాదకరమైన మందు. కొవ్వులో కరిగే గుణం వల్ల మెదడులోకి చేరుతుంది, గుండె కణాల సోడియం మార్గాలను కూడా అడ్డుకుంటుంది, మూర్ఛలు రావచ్చు. అత్యవసర విభాగంలో త్వరగా అందే ఒక అంకె అక్కడ ఉపయోగపడుతుంది. అయినా ఉన్నమాట చెప్పాలంటే, మాకు ప్రొప్రనలోల్ ప్రధానంగా సాధన చేసే అణువు. రక్తమనే మాధ్యమం పెట్టే చిక్కులను దీని మీద అర్థం చేసుకుంటే డిజాక్సిన్ వైపు వెళ్ళడానికి దారి కొంత తెలుస్తుంది.

సాధారణంగా చెప్పే చికిత్సా స్థాయి మిల్లీలీటరుకు 50 నుంచి 100 నానోగ్రాములు, అంటే సుమారు 0.19 నుంచి 0.39 మైక్రోమోలార్. అందువల్ల మా గీత 0.2 మైక్రోమోలార్ దగ్గర గీసుకున్నాము. పీహెచ్ స్థిరంగా ఉండే శుభ్రమైన బఫర్ ద్రావణంలో ఎంత తక్కువ గాఢతను చూడగలిగామన్నది లెక్కలోకి రాదు, రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవమైన సీరంలో ఈ గీత దగ్గర నమ్మదగిన అంకె వస్తేనే సెన్సర్ పనిచేసినట్టు.

జూన్, మూడో వారం

ఆధారంగా మూడు మిల్లీమీటర్ల వ్యాసం గల గ్లాసీ కార్బన్ (గాజులా నున్నని కార్బన్) ఎలక్ట్రోడ్‌ను తీసుకున్నాము. దాన్ని 1, 0.3, 0.05 మైక్రాన్ల అల్యూమినా పొడులతో వరుసగా పాలిష్ చేసి, నీటిలోనూ ఎథనాల్‌లోనూ అల్ట్రాసౌండ్ స్నానంలో కడిగి, ఫెర్రీసయనైడ్ ద్రావణంలో సైక్లిక్ వోల్టామెట్రీ (పొటెన్షియల్‌ను పెంచి మళ్ళీ తగ్గిస్తూ కరెంటును చూసే పద్ధతి) చేసి చూశాము. ఒకే ఎలక్ట్రాన్ మారే ఉత్క్రమణీయ (ముందుకూ వెనక్కూ జరిగే) చర్యకు 25 డిగ్రీల వద్ద కరెంటు గీతలోని రెండు పీకుల (శిఖరాల) మధ్య దూరం సిద్ధాంతం ప్రకారం 59 మిల్లీవోల్టులు ఉండాలి. 80 లోపు వస్తే ఎలక్ట్రోడ్‌ను వాడాము, లేకపోతే మళ్ళీ పాలిష్ బల్ల మీదికి పంపాము.

బహుళగోడ కార్బన్ నానోట్యూబులను నైట్రిక్, సల్ఫ్యూరిక్ ఆమ్లాల మిశ్రమంలో ఉంచి కడిగాము. ఈ ఆమ్లశుద్ధి వల్ల రెండు లాభాలు ఉన్నాయి. ట్యూబుల చివర్లలోనూ లోపాలున్న చోట్లలోనూ కార్బాక్సిల్ సమూహాలు ఏర్పడి అవి ద్రావణంలో బాగా విస్తరిస్తాయి. తయారీలో మిగిలిపోయిన ఇనుము, నికెల్, కోబాల్ట్ వంటి ఉత్ప్రేరక లోహాల్లో చాలా భాగం కూడా కరిగిపోతుంది. నానోట్యూబుల ఘనతగా కనిపించే కరెంటులో కొంత ఆ లోహపు మలినాల వల్ల వచ్చేదే కావచ్చు కనుక, శుద్ధి చేయని ట్యూబులతో వచ్చిన ఫలితాన్ని మేము లెక్కలోకి తీసుకోవడం లేదు.

ట్యూబుల పొర ఎంత మందంగా ఉండాలన్న విషయం మీద మా బృందంలో గట్టి వాదన జరిగింది. ఉపరితలం పెరిగే కొద్దీ కరెంటు పెరుగుతుంది కాబట్టి ఎక్కువ వేద్దామని ఒక వాదం. నాకు అది సగమే నిజమనిపించింది. మేము కొలవబోయేది, పొటెన్షియల్‌ను చిన్న పల్సులుగా ఇస్తూ కరెంటును చూసే డిఫరెన్షియల్ పల్స్ వోల్టామెట్రీతో. పల్స్ ఇచ్చిన వెంటనే ఎలక్ట్రోడ్ ఒక కెపాసిటర్‌లా చార్జి అవుతుంది. ఆ చార్జింగ్ కరెంటు ఘాతీయంగా వేగంగా తగ్గుతుంది, మందు ఆక్సీకరణం వల్ల వచ్చే కరెంటు కాలం వర్గమూలానికి విలోమంగా నెమ్మదిగా తగ్గుతుంది. పల్స్ చివర్లో కొలిస్తే మొదటిది దాదాపు పోయి రెండోది మిగులుతుందన్నదే ఈ పద్ధతి మొత్తానికి ఆధారం. ఖాళీ గ్లాసీ కార్బన్‌కు కెపాసిటెన్స్ కొద్ది మైక్రోఫారడ్లు. ద్రావణ నిరోధం వంద ఓములనుకుంటే చార్జింగ్ మిల్లీసెకను లోపే ముగుస్తుంది. ఐదు మైక్రోగ్రాముల నానోట్యూబులు వేస్తే కెపాసిటెన్స్ వంద మైక్రోఫారడ్లు దాటుతుంది, చార్జింగ్ ఎంత త్వరగా తగ్గుతుందో తెలిపే కాలస్థిరాంకం పది మిల్లీసెకన్లకు పైగా పెరుగుతుంది. అప్పుడు యాభై మిల్లీసెకన్ల పల్స్ చివర్లో కూడా చార్జింగ్ కరెంటు పూర్తిగా చావదు. మందపు పొర మీద పీక్ పెద్దదిగా, దాని కింది నేపథ్యం అంతకంటే పెద్దదిగా కనిపించడానికి కారణం ఇదే. పలచని పొర వేసి, పల్స్ వ్యవధిని కొంత పెంచిన తరువాత, పీక్ ఎత్తు తగ్గినా నేపథ్యపు రొద అంతకంటే ఎక్కువగా తగ్గింది. పలచని పొరనే ఖాయం చేశాము.

జూలై, మొదటి వారం

నానోట్యూబుల మీద బంగారు నానోకణాలు కూడా నిక్షేపిస్తే బాగుంటుందన్న ప్రతిపాదనను పరీక్షించి, తిరస్కరించాము. ప్రొప్రనలోల్ పీక్ సిల్వర్-సిల్వర్ క్లోరైడ్ ప్రమాణ ఎలక్ట్రోడ్‌తో పోలిస్తే ఒక వోల్టు చుట్టుపక్కల వస్తుంది. సీరంలో లీటరుకు సుమారు వంద మిల్లీమోళ్ళ క్లోరైడ్ ఉంటుంది. క్లోరైడ్ సమక్షంలో ఆ పొటెన్షియల్ దగ్గర బంగారమే ఆక్సీకరణం చెంది క్లోరైడ్ సంకీర్ణంగా కరగడం మొదలుపెడుతుంది. మందు చుక్క కూడా లేని ఉప్పు ద్రావణంలో ముందుగా నడిపిన ఖాళీ పరీక్షలోనే అందమైన పీక్ ఒకటి వచ్చింది, అది బంగారానిది. తక్కువ పొటెన్షియల్ దగ్గర పలికే మందులకు బంగారం మంచి తోడే. బంగారానికి అంటుకునే గంధకపు (థయాల్) గొలుసుతో ఆప్టమర్‌ను అతికించాలంటే అదే కావాలి. ఈ మందుకు మాత్రం కార్బన్ చాలు.

జూలై, చివరి వారం

బఫర్‌లో పని సాఫీగా సాగింది, కనుక దాని గురించి పొడుగ్గా రాయవలసింది లేదు. తిరుగు స్కానులో ఎదురు పీక్ రాలేదు, చర్య అనుత్క్రమణీయం. స్కాన్ వేగాన్ని మార్చుతూ పీక్ కరెంటును చూస్తే, లాగరిథమ్ రేఖ వాలు కేవలం వ్యాపనమైతే రావలసిన 0.5 కూ, కేవలం అధిశోషణమైతే రావలసిన 1 కీ మధ్యలో పడింది. మందు అణువులు నానోట్యూబుల మీద కొంత అంటుకుంటున్నాయని, కొంత పొర రంధ్రాల్లో చిక్కుకుంటున్నాయని దీని అర్థం. కొలతకు ముందు ద్రావణాన్ని కలుపుతూ ఎలక్ట్రోడ్‌ను కాసేపు ఉంచితే పీక్ పెరుగుతుంది, కొంతసేపటికి ఉపరితలం నిండిపోయి పెరుగుదల ఆగిపోతుంది. గాఢత ఎక్కువైతే ఈ నిండిపోవడం త్వరగా జరుగుతుంది కాబట్టి, నిరీక్షణ కాలాన్ని పెంచడమంటే కొలవగల పైహద్దును దించుకోవడమే. మోతాదు మించిన రోగుల నమూనాలు మాకు ముఖ్యం కనుక నిరీక్షణను తక్కువగానే ఉంచాము.

పట్టించుకోవలసిన ఇబ్బంది ఒకటి ఉంది. నాఫ్తలీన్ వలయం ఎలక్ట్రాన్‌ను వదిలాక మిగిలే రాడికల్స్ ఒకదానితో ఒకటి కలిసి ఎలక్ట్రోడ్ మీదనే పాలిమర్‌లాంటి పొరగా స్థిరపడతాయి. అదే ఎలక్ట్రోడ్ మీద రెండోసారి స్కాన్ చేస్తే పీక్ స్పష్టంగా కుదించుకుపోతుంది. ఆ పొరను కడిగి ఎలక్ట్రోడ్‌ను తిరిగి వాడే ప్రయత్నం కన్నా, మొదటి స్కాన్‌ను మాత్రమే కొలతగా తీసుకుని ఎలక్ట్రోడ్‌ను పారవేయడమే సరైనదని నా అభిప్రాయం. ఆసుపత్రిలో రక్తం తాకిన వస్తువును తిరిగి వాడాలని ఎలాగూ ఎవరూ కోరుకోరు.

ఆగస్టు, రెండో వారం

సీరంలోకి దిగే ముందు ఎలక్ట్రోడ్‌కు నాఫియాన్ అనే పాలిమర్‌తో ఒక పలచని పూత వేశాము. నాఫియాన్ గొలుసుల మీద ఋణావేశం గల సల్ఫొనేట్ సమూహాలు ఉంటాయి. ప్రొప్రనలోల్‌లోని అమైన్ పీకేఏ (ఏ పీహెచ్ దగ్గర అది సగం ఆవేశం కోల్పోతుందో తెలిపే అంకె) దాదాపు 9.5 కాబట్టి పీహెచ్ 7 దగ్గర ఆ అణువు ధనావేశంతో ఉంటుంది. ఆ పీహెచ్ దగ్గరే ఆస్కార్బిక్ ఆమ్లమూ యూరిక్ ఆమ్లమూ ఋణావేశంతో ఉంటాయి. అంటే ఒకే పూత మందును లోపలికి లాగుతూ, రక్తంలోని ఈ రెండు ప్రధాన అడ్డంకులను బయటికి నెడుతుంది. ఈ కారణం వల్లనే కొలత ద్రావణం పీహెచ్‌ను 7 దగ్గర స్థిరపరిచాము. అంతకంటే బాగా ఆమ్లంగా చేస్తే యూరిక్ ఆమ్లం తన ఆవేశాన్ని కోల్పోయి లోపలికి వచ్చేస్తుంది.

యూరిక్ ఆమ్లం సంగతి తేలిగ్గా తీసుకోదగినది కాదు. పెద్దవారి సీరంలో అది సాధారణంగా 200 నుంచి 400 మైక్రోమోలార్ వరకు ఉంటుంది, అంటే మేము వెతికే మందుకు సుమారు వెయ్యి రెట్లు. దాని పీక్ మందు పీక్‌కు చాలా ఎడమన, సుమారు 0.3 వోల్టుల దగ్గర వస్తుంది కాబట్టి రెండూ కలిసిపోవు. కానీ అంత పెద్ద పీక్ తోక కుడివైపు చాలా దూరం సాగి, మా చిన్న పీక్ కింది నేలను వాలుగా మారుస్తుంది. నాఫియాన్ వేశాక ఆ తోక బాగా కుదించుకుంది.

ఇక్కడ ఒక మెలకువ రాసి పెట్టుకోవాలి. నాఫియాన్ పూసిన ఎలక్ట్రోడ్‌ను ఫెర్రీసయనైడ్‌తో పరీక్షిస్తే అది చెడిపోయినట్టే కనిపిస్తుంది, ఎందుకంటే ఫెర్రీసయనైడ్ కూడా ఋణ అయానే, పూత దాన్నీ నెట్టివేస్తుంది. పూత వేసిన ఎలక్ట్రోడ్ నాణ్యతను ధనావేశం గల హెక్సాఅమ్మీన్ రుథేనియంతో చూడాలి. రెండింటితోనూ చూస్తే ఇంకా మంచిది, మొదటిది అణగి రెండోది నిలిస్తే పూత సమంగా పరుచుకున్నదని తెలుస్తుంది.

సెప్టెంబరు, మొదటి వారం

సీరం పరీక్షలు మొదలయ్యాయి. రోగుల నమూనాలకు నైతిక సంఘం అనుమతి కావాలి, అది వచ్చేవరకు దాతల వివరాలు లేని మిశ్రమ సీరంలో తెలిసిన మోతాదులో మందు కలిపి పనిచేస్తున్నాము.

సీరాన్ని ఏ శుద్ధీ లేకుండా నేరుగా ఎలక్ట్రోడ్ మీద వేసి చూసిన పరీక్షలో మందు పీక్ దాదాపు కనిపించలేదు. ఇందుకు రెండు కారణాలు ఉన్నాయి, రెండింటినీ విడివిడిగా చూడాలి. మొదటిది, లీటరు సీరంలో 60 నుంచి 80 గ్రాముల ప్రోటీను ఉంటుంది. పాల మీద మీగడ కట్టినట్టు అది నిమిషాల్లోనే ఎలక్ట్రోడ్‌ను కప్పేస్తుంది. పైగా ప్రోటీన్లలోని ట్రిప్టోఫాన్, టైరోసిన్ భాగాలు మందు కంటే కొంచెం తక్కువ పొటెన్షియల్ దగ్గరే ఆక్సీకరణం చెంది, వెడల్పాటి దిబ్బలాంటి కరెంటును ఇస్తాయి. రెండో కారణమే అసలైనది. రక్తంలోని ప్రొప్రనలోల్‌లో సుమారు 90 శాతం ప్రోటీన్లకు అంటుకుని ఉంటుంది, కొంత ఆల్బుమిన్‌కు, ఎక్కువ భాగం ఆల్ఫా-1 ఆమ్ల గ్లైకోప్రోటీన్‌కు. ఎలక్ట్రోడ్‌కు అందేది స్వేచ్ఛగా తిరిగే పదో వంతు మాత్రమే. 0.2 మైక్రోమోలార్ కలిపితే ఎలక్ట్రోడ్ చూసేది 0.02.

ఇక్కడ మేము నిర్ణయించుకోవలసిన ప్రశ్న ఒకటి ఎదురైంది. గుండె మీద పనిచేసేది స్వేచ్ఛా భాగమే కదా, దాన్నే కొలిస్తే సరిపోదా? సిద్ధాంతపరంగా అదే మేలు. ఆల్ఫా-1 ఆమ్ల గ్లైకోప్రోటీన్ వాపూ ఇన్ఫెక్షనూ ఉన్నప్పుడు పెరిగే ప్రోటీను. గుండెపోటు తరువాత కూడా పెరుగుతుంది. అప్పుడు మొత్తం మందు స్థాయి ఎక్కువగా కనిపించినా స్వేచ్ఛా భాగం అంతగా మారకపోవచ్చు, మొత్తం అంకెను మాత్రమే చూసినవారు తప్పుదారి పట్టే వీలుంది. కానీ ఇప్పటివరకు వైద్యులు పోల్చి చూసుకునే పరిధులన్నీ మొత్తం స్థాయికి చెందినవే, సరిచూడటానికి మేము వాడే, మందును ఇతర పదార్థాల నుంచి వేరుచేసి కొలిచే ద్రవ క్రోమటోగ్రఫీ పద్ధతి కూడా మొత్తాన్నే ఇస్తుంది. అందుచేత ఈ దశలో మొత్తం స్థాయినే కొలవాలని తీర్మానించాము. స్వేచ్ఛా భాగాన్ని నేరుగా చూడగలగడం విద్యుద్రసాయన పద్ధతికి ప్రత్యేకంగా దక్కే బలమని, దాన్ని వదులుకోవడం ఇప్పటికి మాత్రమేనని నేను ఇక్కడ రాసి పెడుతున్నాను.

సెప్టెంబరు, చివరి వారం

ప్రోటీన్లను తొలగించడానికి ఎసిటోనైట్రైల్‌ను ఎంచుకున్నాము. సీరానికి రెండింతలకు పైగా ఎసిటోనైట్రైల్ కలిపి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే ప్రోటీన్లు అడుగున ముద్దగా చేరతాయి, వాటిని పట్టుకుని ఉన్న మందు విడివడి పైద్రవంలోకి వస్తుంది. ఆ పైద్రవాన్ని బఫర్‌తో పలచన చేసి కొలవాలి. ఎసిటోనైట్రైల్ ఎక్కువ మిగిలితే నాఫియాన్ పొర ఉబ్బుతుంది, మందు కూడా పొరలోకి వెళ్ళడానికి బదులు ద్రావణంలోనే ఉండటానికి మొగ్గు చూపుతుంది. బాగా పలచన చేస్తే ద్రావకం బెడద తప్పుతుంది, కానీ మందు గాఢత కూడా అంతే పడిపోతుంది. మొత్తం మీద పదింతల పలచన దగ్గర రాజీపడ్డాము. అంటే 0.2 మైక్రోమోలార్ సీరం కొలత గిన్నెలో 20 నానోమోలార్ అవుతుంది. ప్రోటీన్లు చేసిన పనినే ఇప్పుడు పలచన చేస్తోందని ఒక సహచరుడు అన్న మాట నిజమే. తేడా ఏమిటంటే, పలచన ఎంతో మాకు కచ్చితంగా తెలుసు, రోగి రోగికీ మారదు.

పలచన చేసిన సీరంలో మందును క్రమంగా పెంచుతూ గీసిన రేఖ సరళంగానే వచ్చింది. కానీ దాని వాలు బఫర్‌లో వచ్చిన వాలులో సుమారు సగమే ఉంది. మిగిలిపోయిన చిన్న పెప్టైడ్లు, లిపిడ్లు, సోడియం అయాన్లు నాఫియాన్ స్థానాల కోసం మందుతో పోటీపడుతున్నాయి. బఫర్‌లో గీసిన రేఖతో సీరం నమూనాను లెక్కిస్తే ఉన్నదానిలో సగమే ఉన్నట్టు చెబుతాము. కనుక ప్రతి నమూనాలోనూ తెలిసిన మందును మెట్లుగా కలుపుతూ కొలిచే ప్రామాణిక సంకలన పద్ధతికి మారాము. ప్రతి ఎలక్ట్రోడ్‌ను ఒక్కసారే వాడతాము కాబట్టి ఒక్క నమూనాకు అనేక ఎలక్ట్రోడ్లు ఖర్చవుతాయి, అవన్నీ ఒకే తీరుగా ఉండాలి. చేతితో చుక్క వేసి ఆరబెట్టే పొరల్లో ఆ ఏకరూపత రావడం లేదు. చుక్క అంచున ట్యూబులు పేరుకుని నడుమ పలచబడుతున్నాయి. ప్రస్తుతం మా సెన్సర్‌కు అసలు హద్దు రసాయనంలో లేదు, పొర తయారీలో ఉంది.

ఇతర మందుల అడ్డంకిని కూడా కొంత చూశాము. పారాసెటమాల్ పీక్ 0.4 వోల్టుల ప్రాంతంలో వస్తుంది, దూరంగా ఉంది. కెఫీన్ మా మందు కంటే ఎక్కువ పొటెన్షియల్ దగ్గర ఆక్సీకరణం చెందుతుంది కానీ, కాఫీ, టీ తాగిన మనిషి రక్తంలో అది మైక్రోమోలార్ల స్థాయిలో ఉంటుంది కాబట్టి దాని మొదలు మా పీక్ కుడి భుజాన్ని ఎత్తుతుంది. నేపథ్య రేఖను రెండు వైపులా కాక ఎడమ వైపు నుంచే గీస్తే ఈ ప్రభావం తగ్గింది. కాలేయంలో ప్రొప్రనలోల్ నుంచి తయారయ్యే 4-హైడ్రాక్సీ రూపం ఫినాల్ స్వభావం గలది, మరింత తక్కువ పొటెన్షియల్ దగ్గరే పలుకుతుంది. అది కూడా బీటా గ్రాహకాలను అడ్డుకుంటుంది కాబట్టి దాని పీక్‌ను అడ్డంకిగా కాక అదనపు సమాచారంగా చూడవచ్చు. ఒక పరిమితిని మాత్రం ఈ ఎలక్ట్రోడ్ దాటలేదు. మాత్రల్లో ఉండేది ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబంలాంటి కుడి ఎడమ రూపాల సమాన మిశ్రమం, గుండె మీద ప్రధానంగా పనిచేసేది వాటిలో ఎస్ అని పిలిచే ఎడమ రూపం. రెండూ ఒకే పొటెన్షియల్ దగ్గర ఒకే కరెంటును ఇస్తాయి.

అక్టోబరు, రెండో వారం

రక్తం తీసే గొట్టాల గురించి ఆలోచించకుండా రోగుల నమూనాల దశకు వెళ్ళలేము. ఊదా మూత గొట్టంలో ఉండే ఈడీటీఏ ఒక తృతీయ అమైన్, అధిక ధన పొటెన్షియల్ దగ్గర తానే ఆక్సీకరణం చెందగలదు, మా పీక్ ఉన్న ప్రాంతంలో దాన్ని రానివ్వకూడదు. ఆకుపచ్చ మూత గొట్టంలోని హెపారిన్ ఒక్కో అణువు మీద ఎన్నో ఋణావేశాలున్న పదార్థం, ధనావేశపు మందుతో దాని నడవడిని ముందుగా పరీక్షించాలి. మరో పాత పాఠం కూడా ఉంది. ఒకప్పుడు కొన్ని గొట్టాల రబ్బరు మూతల్లో వాడిన ఒక ప్లాస్టిసైజర్ రక్తంలోకి ఊరి, ఆల్ఫా-1 ఆమ్ల గ్లైకోప్రోటీన్ నుంచి ప్రొప్రనలోల్ వంటి క్షార మందులను తప్పించేది. అలా విడివడిన మందు ఎర్ర కణాల్లోకి వెళ్ళిపోయి, ప్లాస్మాలో స్థాయి నిజం కన్నా తక్కువగా కనిపించేది. కొలిచే పరికరం ఎంత మంచిదైనా గొట్టంలోనే జరిగిపోయిన మార్పును అది సరిదిద్దలేదు. అందువల్ల సంకలితాలూ జెల్ కూడా లేని సాదా సీరం గొట్టాలనే వాడాలని, రక్తం గడ్డకట్టిన వెంటనే సీరాన్ని వేరు చేయాలని నియమం రాసుకున్నాము. ఎర్ర కణాలు పగిలి గులాబీ రంగు తిరిగిన నమూనాలను తీసుకోము.

పొరల ఏకరూపత కోసం చేతి చుక్కలను మానివేసి, ముద్రించిన కార్బన్ ఎలక్ట్రోడ్ల మీద నానోట్యూబుల సిరాను పిచికారీ చేసే పద్ధతికి మారుతున్నాము. ముద్రిత ఎలక్ట్రోడ్ల సిరాలో ఉండే బంధక పదార్థం గ్లాసీ కార్బన్ అంత శుభ్రంగా ప్రవర్తించదు, పీక్ కొంత వెడల్పు అవుతుందని మొదటి స్కానుల్లోనే కనిపించింది. అయినా అన్నీ ఒకే విధంగా వెడల్పు అయితే మాకు సమ్మతమే.

అంగీకార ప్రమాణాన్ని ముందుగానే కాగితం మీద పెట్టాము, ఫలితాలు వచ్చాక దాన్ని సడలించే ఆశ పుట్టకూడదని. ఔషధ నియమాలను దేశాల మధ్య సమన్వయపరిచే ఐసీహెచ్ అనే అంతర్జాతీయ సంస్థ 2022లో వెలువరించిన ఎం10 మార్గదర్శకం ప్రకారం క్రోమటోగ్రఫీ వంటి పద్ధతుల్లో కొలిచిన విలువ అసలు విలువకు 15 శాతం లోపు, నమ్మకంగా కొలవగల కనిష్ఠ హద్దు దగ్గర 20 శాతం లోపు ఉండాలి. మా సెన్సర్‌కూ అదే నియమం. మందు కలిపిన సీరం నమూనాలను సంకేత సంఖ్యలతో మాత్రమే ఇచ్చి, ప్రతి నమూనాలోనూ సగం భాగాన్ని మేము కొలుస్తాము, మిగిలిన సగాన్ని మాస్ స్పెక్ట్రోమీటర్‌కు అనుసంధానించిన ద్రవ క్రోమటోగ్రఫీతో మరొక బృందం కొలుస్తుంది. రెండు పట్టికలూ పూర్తయ్యాకే సంకేతాలు విప్పుతాము. అప్పటివరకు బఫర్‌లో వచ్చిన కనిష్ఠ గుర్తింపు హద్దును ఏ నివేదికలోనూ ముందు వరుసలో రాయకూడదని బృందం అంగీకరించింది. ముద్రిత ఎలక్ట్రోడ్ల మొదటి విడత వచ్చే వారం పిచికారీకి వెళుతుంది.